మనం కట్టుకున్న ప్యాకేజీ అప్‌డేట్‌లో కొట్టుకుపోకుండా: పర్లాకిమిడి కార్డుల షాపులో నేను పాటించే పద్ధతి

మా పర్లాకిమిడిలో అమ్ముడుపోయే పెళ్లి కార్డుల కొలతలు ఏ సాఫ్ట్‌వేర్ జాబితాలోనూ ఉండవు. విజయవాడ నుంచి వచ్చే కార్డుది ఒక కొలత, బరంపురం నుంచి తెప్పించేదానిది ఇంకో కొలత, మడత కార్డు లోపలి కాగితానిది మరో కొలత. మాది డీటీపీ షాపు. లైనక్స్ మీద, స్క్రైబస్ అనే పేజీ డిజైన్ ప్రోగ్రాంలో కార్డులు తయారు చేస్తాం. అమ్మాయి వాళ్లది సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం, అబ్బాయి వాళ్లది ఇక్కడే అయితే తెలుగు, ఒడియా రెండూ ఒకే కార్డులో పడాలి. 2017లో వచ్చిన 1.5.3 నుంచి స్క్రైబస్ మన లిపులను సరిగ్గా కూర్చడం మొదలుపెట్టింది. ఒత్తులు వాటి చోట అవి పడుతున్నాయి. అప్పటి నుంచి నేను ఇంకో దాని జోలికి పోలేదు.

అయితే దాని పేజీ సైజుల జాబితా ప్రోగ్రాం సోర్సులోనే (అసలు కోడ్‌లోనే) రాసి ఉంది. టెంప్లేట్లతో చాలావరకు పని నడుస్తుంది. కానీ పాత ఫైలు తెరిచి సైజు మార్చాలంటే ఆ జాబితాలోంచి ఎంచుకోవాలి, లేదా ప్రతిసారీ అంకెలు కొట్టాలి. ఒక్క అంకె తప్పు పడితే ఐదు వందల కార్డులు దండగ. అందుకని సోర్సు తెచ్చి, ఆ ఒక్క ఫైల్లో మా తొమ్మిది సైజులు చేర్చి, ప్యాకేజీని (ప్రోగ్రాంను ఇన్‌స్టాల్ చేసే మూటను) మళ్లీ కట్టి పెట్టుకున్నాను. కొన్ని నెలలు హాయిగా గడిచింది. మాఘమాసంలో ఒక శుక్రవారం పొద్దున్న, షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు "అక్కా, మన సైజులు ఒక్కటీ కనపడ్డం లేదు" అన్నాడు. ముందు రోజు రాత్రి నేనే అప్‌డేట్ కొట్టి ఇంటికి వెళ్లాను. అది నా ప్యాకేజీని తీసేసి డెబియన్ (మేం వాడే లైనక్స్ రకం) వాళ్ల మామూలు ప్యాకేజీని పెట్టింది. ఆ రోజు నాలుగు పెళ్లిళ్ల ప్రూఫులు ఇవ్వాలి. నాకు పట్టిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను వాడేది డెబియన్ 12. ఉబుంటులోనూ పద్ధతి ఇదే, తేడా ఉన్న చోట చెబుతాను. కమాండ్లను షాపులో మేం ఒకరికొకరు చదివి చెప్పుకునేటట్టే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి.

మళ్లీ కట్టాల్సిన అవసరం నిజంగా ఉందా?

ప్యాకేజీని ఒకసారి మళ్లీ కట్టామంటే దాని బాధ్యత మనదే. దానికి వచ్చే ప్రతి భద్రతా సవరణనూ మనమే చూసుకోవాలి. కాబట్టి ముందు తేలిక దారులు వెతకండి.

ఫాంట్ల కోసమైతే ఏ ప్యాకేజీనీ ముట్టుకోవద్దు. మాకు గుణుపురం వైపు నుంచి సవర కుటుంబాల కార్డులు కూడా వస్తాయి. కొందరు సొరాంగ్ సొంపెంగ్ లిపిలో వేయమంటారు. మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన లిపి అది, యూనికోడ్‌లోకి 2012లో వచ్చింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి సవర కార్డు వేయలేం అని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. దానికి కావలసిన ఫాంటును /యూఎస్ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్‌లో పెట్టి "ఎఫ్‌సీ-క్యాష్" కొడితే సరిపోతుంది. ఏ అప్‌డేటూ ఆ ఫోల్డరు జోలికి రాదు.

కీబోర్డు కూడా అంతే. మా పాత ఆపరేటర్ వేళ్లకు అలవాటైన రెండు మూడు మీటలు మార్చాల్సి వచ్చింది. నేను మొదట, మన భాషల కీబోర్డులు ఇచ్చే ఎం17ఎన్ ప్యాకేజీలోని తెలుగు ఆర్‌టీఎస్ ఫైలును /యూఎస్ఆర్/షేర్/ఎం17ఎన్‌లో నేరుగా దిద్దేశాను. అప్‌డేట్ వచ్చిన రోజున ఆ మార్పు పోయింది. అదే ఫైలు కాపీని హోం ఫోల్డరులో .ఎం17ఎన్.డి అనే ఫోల్డరు చేసి అందులో పెట్టి దిద్దితే, ఆ యూజరుకు మన కాపీయే పని చేస్తుంది.

ఇలాంటి సొంత ఫోల్డరు సదుపాయం లేని ప్యాకేజీలో ఒక్క ఫైలు మాత్రమే మార్చాలనుకుంటే "డీపీకేజీ-డైవర్ట్" ఉంది. "డీపీకేజీ-డైవర్ట్ --లోకల్ --రీనేమ్ --యాడ్" అని, దాని తర్వాత ఫైలు పూర్తి దారి ఇస్తే, అసలు ఫైలు పక్కకు జరుగుతుంది. ఖాళీ అయిన చోట మన ఫైలు పెట్టుకోవచ్చు. ఇకపై అప్‌డేట్‌లో వచ్చే కొత్త ఫైలు కూడా ఆ పక్కనే పడుతుంది, మనది కదలదు. /ఈటీసీ కింద ఉండే సెట్టింగుల ఫైళ్లకు ఇదేమీ అక్కర్లేదు. మనం మార్చిన ఫైలును మార్చే ముందు డీపీకేజీ (ప్యాకేజీలను పెట్టే పనిముట్టు) మనల్ని అడుగుతుంది.

ఇవేవీ కుదరనప్పుడే సోర్సు తెరవండి. స్క్రైబస్ సైజుల జాబితా ప్రోగ్రాంలోనే కలిసిపోయి ఉంది కాబట్టి నాకు తప్పలేదు.

కట్టే పద్ధతి

డెబియన్‌లో ప్యాకేజీలను దించి పెట్టే పనిముట్టు ఆప్ట్. /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్‌లో "డెబ్" అని మొదలయ్యే ప్రతి వరుసకూ జతగా "డెబ్-ఎస్ఆర్‌సీ" వరుస ఉండాలి. సెక్యూరిటీ వరుసకు కూడా జత పెట్టడం మర్చిపోకండి. లేకపోతే సవరణ వచ్చిన రోజున పాత సోర్సే దిగుతుంది. ఆ తర్వాత "ఆప్ట్ అప్‌డేట్", "ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ డెవ్‌స్క్రిప్ట్స్ క్విల్ట్", "ఆప్ట్ బిల్డ్-డెప్ స్క్రైబస్" ఈ వరుసలో కొట్టాలి. ఈ మూడూ రూట్‌గా (కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజరుగా). సోర్సు దించడం మాత్రం మామూలు యూజరుగా, ఒక ఖాళీ ఫోల్డరులో "ఆప్ట్ సోర్స్ స్క్రైబస్" అని.

సోర్సు ఫైలును నేరుగా దిద్ది వదిలేయకండి. మార్పు విడిగా ఒక ప్యాచ్ ఫైలుగా (మార్పులు మాత్రమే రాసి ఉండే ఫైలుగా) ఉంటేనే రేపు కొత్త వెర్షన్ మీద మళ్లీ వేయగలం. అందుకు క్విల్ట్ అనే పనిముట్టు. ముందు "ఎక్స్‌పోర్ట్ క్విల్ట్_ప్యాచెస్=డెబియన్/ప్యాచెస్" అని చెప్పాలి (ఆ వేరియబుల్ పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో). ఆ తర్వాత "క్విల్ట్ పుష్ -ఏ"తో డెబియన్ వాళ్ల ప్యాచులన్నీ వేసుకోవాలి. "క్విల్ట్ న్యూ" అని మన ప్యాచ్‌కు పేరు పెట్టాలి. "క్విల్ట్ యాడ్" అని ఏ ఫైలు దిద్దబోతున్నామో చెప్పి, అప్పుడు దిద్ది, "క్విల్ట్ రిఫ్రెష్" అనాలి. వరుస ముఖ్యం. యాడ్ చేయకముందే దిద్దితే ఆ మార్పు ప్యాచ్‌లోకి ఎక్కదు. మొదటిసారి నేను ఇక్కడే ఒక పూట పోగొట్టుకున్నాను.

ప్యాచ్ ఫైలు తలమీద ఏం మార్చాం, ఎందుకు మార్చాం అన్నది రెండు వాక్యాలు రాయండి. నేను తెలుగులోనే రాస్తాను. ఆ ఫైలును గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే పనిముట్టులో) పెడతాను, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. కట్టిన ప్యాకేజీ పోయినా పరవాలేదు, మళ్లీ కట్టుకోవచ్చు. ప్యాచ్ పోతే మాత్రం అంతా మొదటికొస్తుంది.

చివరకు వెర్షన్ మార్చి (దాని గురించి కిందే వివరంగా ఉంది), "డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ -యూఎస్ -యూసీ -బీ" అని కొడితే కట్టడం మొదలవుతుంది. మా పాత కంప్యూటర్‌లో స్క్రైబస్‌కు గంటకు పైనే పడుతుంది. భోజనానికి వెళ్లే ముందు పెట్టి వెళ్తాను. తయారైన .డెబ్ ఫైళ్లు సోర్సు ఫోల్డరుకు ఒక మెట్టు పైన పడతాయి.

వెర్షన్ చివర ఇంటిపేరు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఆప్ట్‌కు మన ప్యాచ్ తెలియదు, మన అవసరం తెలియదు. దానికి తెలిసింది వెర్షన్ పేరు ఒక్కటే. రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూసి, పెద్దదాన్ని పెడుతుంది. మొదటిసారి నేను వెర్షన్ మార్చకుండానే కట్టాను. పేరు ఒకటే కదా, ముట్టుకోదులే అనుకున్నాను. కానీ వెర్షన్ ఒకటే అయినా లోపలి వివరాలు వేరుగా ఉంటే, డెబియన్ గోదాంలో (ప్యాకేజీలు దించుకునే చోట) ఉన్నది వేరే ప్యాకేజీ అని ఆప్ట్ గుర్తుపట్టి దాన్నే మళ్లీ పెడుతుంది. ఆ శుక్రవారం జరిగింది అదే.

కాబట్టి మన ప్యాకేజీకి మన ఇంటిపేరు తగిలించాలి. మనుషులకు ముందు పెడతాం, ఇక్కడ చివర పెట్టాలి. "డీసీహెచ్ --లోకల్" అని ఆ పక్కన మన గుర్తు ఇస్తే, చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) కొత్త పద్దు తెరిచి, గుర్తు చివర 1 చేర్చి ఇస్తుంది. మళ్లీ కట్టినప్పుడు 2 అవుతుంది. గుర్తు ఏమిటన్నది మన ఇష్టమే అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మా ఊరి పేరు పెట్టాను: ప్లస్, పక్కన పీ అక్షరంతో మొదలయ్యే "పర్లా". వెర్షన్ 11 అయితే 11+పర్లా1 అన్నమాట. బాగానే ఉంది అనిపించింది.

2023 జూన్‌లో డెబియన్ 12 విడుదలైంది. కొద్ది రోజులకే షాపులో పెట్టాను. మా ప్రింటర్‌కు ఒక చిన్న దిద్దుబాటు కావలసి, పీడీఎఫ్‌లను ప్రింటుకు సిద్ధం చేసే గోస్ట్‌స్క్రిప్ట్‌ను కూడా మళ్లీ కట్టాను. డెబియన్‌లో ఉన్నది 10.0.0~డిఎఫ్‌ఎస్‌జి-11. నాది దానికి చివర +పర్లా1. జూన్ చివర్లో గోస్ట్‌స్క్రిప్ట్‌లో పెద్ద లోపం ఒకటి బయటపడింది. సీవీఈ-2023-36664 అని దాని నంబరు (బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య సీవీఈ). ఎవరైనా కావాలని తయారు చేసిన ఫైలును తెరిస్తే చాలు, అందులో దాచిన కమాండ్ మన కంప్యూటర్‌లో నడవగలదు. డెబియన్ వాళ్లు వెంటనే సవరణ ఇచ్చారు. దాని వెర్షన్ 10.0.0~డిఎఫ్‌ఎస్‌జి-11+డెబ్12యూ1.

ఇప్పుడు ఆప్ట్ చూసినట్టు చూడండి. 11 వరకూ రెండూ ఒకటే. తర్వాత రెండింట్లోనూ ప్లస్ ఉంది. ఆ తర్వాత ఒకదాంట్లో డీ, నాదాంట్లో పీ. ఇంగ్లీషు వరుసలో డీ కంటే పీ వెనక వస్తుంది, వెనకొచ్చేదే పెద్దది. అంటే లోపం ఉన్న నా ప్యాకేజీయే పెద్దదని ఆప్ట్ లెక్క వేసింది. సవరణ వచ్చిందన్న మాట కూడా నా తెర మీద పడలేదు. మా షాపుకు రోజూ ఎవరెవరివో పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్‌లో వస్తాయి. ఆధార్ కాపీలు, భూమి పత్రాలు అన్నీ అదే కంప్యూటర్‌లో తెరుస్తాం. రెండు నెలల తర్వాత వేరే పని మీద "ఆప్ట్ పాలసీ గోస్ట్‌స్క్రిప్ట్" అని కొట్టినప్పుడు, వెర్షన్ల పట్టికలో నా దాని కింద సెక్యూరిటీ వెర్షన్ కనపడింది. అప్పుడు అర్థమైంది. ఏ నష్టమూ జరగలేదు, కానీ జనం నమ్మకంతో తెచ్చిచ్చిన కాగితాలు అవి.

మరి గుర్తు ఎలా ఎంచుకోవాలి? డెబియన్ స్థిర విడుదలలో వచ్చే సవరణలకు చివర ఎక్కువగా "+డెబ్" ఉంటుంది కాబట్టి మన గుర్తు డీ అక్షరానికి ముందే ఆగాలి. అలాగని ఇంగ్లీషు మొదటి అక్షరం ఏతో మొదలుపెట్టినా ఇబ్బందే. డెబియన్ వాళ్లు సోర్సు మార్చకుండా ప్యాకేజీని తిరిగి కట్టినప్పుడు చివర "+బీ1" అని పెడతారు. అలాంటి ప్యాకేజీ గోదాంలో ఉంటే, ఏతో మొదలయ్యే మన గుర్తు దానికంటే చిన్నదై, కట్టి పెట్టిన మరుక్షణమే మనది పోతుంది. అంటే మనకు కావలసింది బీకీ డీకీ మధ్య ఉన్న సీ. నాకు "కార్డ్" దొరికింది. మా వృత్తికీ సరిపోయింది. ఇప్పుడు మా ప్యాకేజీలన్నిటికీ ఇంటిపేరు +కార్డ్1, +కార్డ్2. మీరు ఇంకేదైనా పెట్టుకోండి, సీతో మొదలవ్వాలి, చిన్న అక్షరాల్లో ఉండాలి.

ఉబుంటులో సవరణలు ఎక్కువగా చుక్కతో పెరుగుతాయి. ఉబుంటు5 కాస్తా ఉబుంటు5.1 అవుతుంది. ఈ లెక్కలో ప్లస్ కంటే చుక్క పెద్దది. కాబట్టి ఉబుంటు5+కార్డ్1 మీద ఉబుంటు5.1 గెలుస్తుంది. మనకు కావలసిందీ అదే.

టిల్డె గుర్తు (~) సంగతి వేరు. అది దేనికంటేనైనా చిన్నదే, ఏమీ లేకపోవడం కంటే కూడా చిన్నది. 11~కార్డ్1 అంటే 11 కంటే తక్కువ. అలా పెడితే మామూలు 11 వచ్చి మనదాన్ని తీసేస్తుంది. పై విడుదలలోని కొత్త వెర్షన్‌ను మన పాత విడుదల మీద కట్టుకున్నప్పుడు మాత్రమే టిల్డె సరైనది. అప్పుడు రేపు పెద్ద అప్‌గ్రేడ్‌లో అసలుది దానంతట అదే వస్తుంది.

అనుమానం ఉంటే అడిగి చూడండి. "డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్" తర్వాత మొదటి వెర్షన్, "ఎల్‌టీ", రెండో వెర్షన్ రాసి, ఆ వెంటనే "ఎకో" పక్కన డాలరు గుర్తు, ప్రశ్న గుర్తు కలిపి కొట్టండి. 0 వస్తే మొదటిది చిన్నది, 1 వస్తే కాదు. కొత్త గుర్తు పెట్టే ముందు నేను రెండుసార్లు చూస్తాను. ఒకసారి +బీ1తో, ఒకసారి +డెబ్12యూ1తో.

ఈ పద్ధతిలో సవరణ వచ్చిన రోజున నా ప్యాకేజీ పోయి డెబియన్‌ది వస్తుంది. నా సైజులు ఒక పూట కనపడవు. ఆ పూటలో కొత్త సోర్సు దించి, ప్యాచ్ వేసి, +కార్డ్1 తగిలించి మళ్లీ కడతాను. బయటివాళ్ల ఫైళ్లు తెరిచే ప్రోగ్రాం ఏదైనా సరే, నా సౌకర్యం కంటే సవరణే ముందు రావాలన్నది నా నిర్ణయం. గోస్ట్‌స్క్రిప్ట్ విషయంలో తర్వాత తెలిసింది, నాకు కావలసింది ప్రింటర్ సెట్టింగుల్లోనే ఉందని. ఆ ప్యాకేజీని కట్టడం మానేశాను.

హోల్డ్ ఎప్పుడు పెట్టాలి

స్క్రైబస్‌లో మేం తెరిచేవి మా ఫైళ్లే. పెళ్లిళ్ల కాలంలో అది మారకుండా ఉంటేనే నాకు నిద్ర పడుతుంది. కాబట్టి ముహూర్తాలు మొదలయ్యే ముందు "ఆప్ట్-మార్క్ హోల్డ్ స్క్రైబస్ స్క్రైబస్-డేటా" అని కొట్టి, అప్‌డేట్‌లో మారకుండా ఆపేస్తాను. రెండు పేర్లూ ఇవ్వాలి. ఒకే సోర్సు నుంచి పుట్టిన ప్యాకేజీలు ఒకదాని వెర్షన్ మీద ఒకటి ఆధారపడతాయి. ఒకదాన్నే ఆపితే రెండోది వదులైపోయి ఇరుకున పెడుతుంది. ఒక సోర్సు నుంచి ఏమేం పుట్టాయో డెబియన్/కంట్రోల్ ఫైల్లో ఉంటుంది.

హోల్డ్ పెట్టిన ప్యాకేజీని "ఆప్ట్ అప్‌గ్రేడ్" ముట్టుకోదు, రాత్రిపూట దానంతట అదే నడిచే అప్‌డేట్ కూడా ముట్టుకోదు. దీని ప్రమాదం అందులోనే ఉంది. పెట్టి మర్చిపోతాం. అందుకే షాపు జమాఖర్చుల పుస్తకం వెనక పేజీలో రాసి పెడతాను: ప్యాకేజీ పేరు, ఏ తేదీన ఆపాను, ఎందుకు, ఎప్పుడు విప్పాలి. ప్రతి సోమవారం "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" కొట్టి, వచ్చిన పేర్లను ఆ పేజీతో సరిచూస్తాను. ఆపిన దానికి కొత్త వెర్షన్ వచ్చి ఉంటే "ఆప్ట్ చేంజ్‌లాగ్" చదువుతాను. అందులో సీవీఈ అన్న మాట కనపడితే ముహూర్తాలు ఉన్నా సరే, ఆ రాత్రే హోల్డ్ విప్పి మళ్లీ కడతాను. లేకపోతే ఆషాఢం దాకా ఆగుతాను. ఆషాఢంలో మన పెళ్లిళ్లు ఉండవు, ఊరంతా రథయాత్ర సందడిలో ఉంటుంది. షాపు ఖాళీ. "ఆప్ట్-మార్క్ అన్‌హోల్డ్" కొట్టి తీరుబడిగా పని చేసుకోవచ్చు.

పిన్నింగ్ అని ఇంకో దారి ఉంది. /ఈటీసీ/ఆప్ట్/ప్రిఫరెన్సెస్.డి ఫోల్డరులో ఫైలు రాసి, ప్యాకేజీకి ప్రాధాన్య సంఖ్య ఇవ్వడం. మామూలు సంఖ్య 500. వెయ్యి దాటితే వెర్షన్ తగ్గించైనా సరే దాన్నే పెడుతుంది. మన ప్యాకేజీలకు 1001 ఇచ్చేయండి, గొడవ ఉండదు అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేను ఇవ్వను. +పర్లా1 పెట్టి నేను తెలియక చేసిన పనినే అది తెలిసి చేయడం అవుతుంది.

రెండు కంప్యూటర్లకు ఒక గోదాం

కట్టిన .డెబ్‌ను "ఆప్ట్ ఇన్‌స్టాల్ ./" అని ఫైలు పేరు ఇచ్చి పెట్టుకోవచ్చు. ఒక్క కంప్యూటర్ ఉంటే అది చాలు. మాకు కౌంటర్ దగ్గర ఒకటి, వెనక గదిలో ఒకటి ఉన్నాయి. /ఎస్ఆర్‌వీ/కార్డ్ అని ఫోల్డరు చేసి .డెబ్‌లన్నీ అందులో వేస్తాను. ఆ ఫోల్డరులోకి వెళ్లి "డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్ -ఎం ." అన్న కమాండ్ ఇచ్చి, అది ఇచ్చే జాబితాను ప్యాకేజెస్ అనే ఫైల్లోకి మళ్లిస్తాను. ఆ ఫైలు పేరులో మొదటి అక్షరం మాత్రం పెద్దది. సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డరులో ఒక వరుస: డెబ్ [ట్రస్టెడ్=యెస్] ఫైల్:/ఎస్ఆర్‌వీ/కార్డ్ ./ అంతే. ఇక "ఆప్ట్ అప్‌డేట్" కొడితే మా ప్యాకేజీలు కూడా అందరితో పాటు జాబితాలోకి వస్తాయి. రెండో కంప్యూటర్‌కు ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టుతో ఆ ఫోల్డరు అలాగే వెళ్తుంది. ట్రస్టెడ్ అన్న మాట మన సొంత డిస్కులో ఉన్న ఫోల్డరుకే రాయండి. నెట్‌లో దొరికిన ఏ గోదాంకూ రాయవద్దు.

-ఎం వల్ల పాత వెర్షన్లు కూడా జాబితాలో ఉంటాయి. కొత్తది బెడిసికొడితే, ప్యాకేజీ పేరు పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి పాత వెర్షన్ రాస్తే వెనక్కి వెళ్లిపోవచ్చు. అందుకే వెనకటి రెండు వెర్షన్లు ఎప్పుడూ చెరిపేయను. అప్‌గ్రేడ్ ముందు వెనక గదిలో చేస్తాను. అంతకుముందు "ఆప్ట్ -ఎస్ అప్‌గ్రేడ్" అంటే ఏం జరగబోతోందో చెబుతుంది, చేయదు. ఆ జాబితాలో కార్డ్ ఇంటిపేరు ఉన్నది ఏదైనా మారుతోందా అన్నది కుర్రాడే చదివి చెబుతాడు. ఒక కార్డు ప్రింటు తీసి చూశాకే కౌంటర్ కంప్యూటర్ జోలికి వెళ్తాం. ఎప్పుడు ఏం మారిందో తర్వాత చూడాలంటే /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్‌లో అంతా ఉంటుంది.

డెబియన్‌లో అసలు లేనివి

ఇవి /యూఎస్ఆర్/లోకల్‌లోకే వెళ్లాలి. ఆ ఫోల్డరు ఉన్నదే కంప్యూటర్ యజమాని కోసం, ప్యాకేజీలు అందులో ఫైళ్లు పెట్టవు. నేరుగా "మేక్ ఇన్‌స్టాల్" కొడితే ఫైళ్లు చెల్లాచెదురై, తీసేయాల్సి వచ్చినప్పుడు ఏది దేనిదో తెలియదు. స్టో అనే చిన్న పనిముట్టు ఉంది. ప్రోగ్రాంను /యూఎస్ఆర్/లోకల్/స్టో కింద దాని పేరుతో ఒక ఫోల్డరులో పెట్టి, స్టో ఫోల్డరులోంచి "స్టో" పక్కన ఆ పేరు రాస్తే, కావలసిన చోట్ల లింకులు వేస్తుంది. "స్టో -డీ" అంటే లింకులన్నీ తీసేస్తుంది. ఇక్కడ డీ పెద్ద అక్షరం.

లైబ్రరీలతో మాత్రం జాగ్రత్త. డెబియన్ మామూలు సెట్టింగులో ప్రోగ్రాములు /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌నే ముందు వెతుకుతాయి. మనం అక్కడ ఒక కొత్త లైబ్రరీ పెడితే, అదే పేరున్న లైబ్రరీ వాడే ప్రోగ్రాములన్నీ మనదాన్నే పట్టుకుంటాయి. ఒకసారి ఫాంట్లను కూర్చే లైబ్రరీ కొత్తది అలా పెట్టాను. దానికి ఏ సంబంధమూ లేని మరో ప్రోగ్రాం తెరుచుకోవడం మానేసింది. ఏ అప్‌డేటూ రాలేదే అని ఒక రోజంతా తిరిగాను. "ఎల్‌డీడీ" కమాండ్‌కు ఆ ప్రోగ్రాం దారి ఇస్తే ఏ లైబ్రరీ ఎక్కడి నుంచి వస్తోందో చూపిస్తుంది. అందులో లోకల్ అన్న మాట కనపడగానే విషయం తేలింది. పైథాన్ సరుకు కావాలంటే వీఈఎన్‌వీలో (పైథాన్‌కు విడిగా చేసుకునే ఫోల్డరులో) పెట్టుకోండి. డెబియన్ 12 నుంచి పిప్‌ను (పైథాన్ సరుకు దించే కమాండ్‌ను) నేరుగా సిస్టంలోకి ఎలాగూ రానివ్వరు.

పెద్ద అప్‌గ్రేడ్ వచ్చినప్పుడు

డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చింది. ఒక విడుదల నుంచి ఇంకో విడుదలకు వెళ్లేటప్పుడు ఇంటిపేరు ఉన్న ప్యాకేజీలను వెంట తీసుకెళ్లకూడదు. ముందు హోల్డులన్నీ విప్పాలి, షోహోల్డ్ ఖాళీగా రావాలి. మన గోదాం వరుస ముందు # పెట్టి మూసేయాలి. తర్వాత "ఆప్ట్ పాలసీ"లో చూసి, డెబియన్ వాళ్ల వెర్షన్‌ను ఈక్వల్ గుర్తుతో అడిగి వెనక్కి మార్చాలి. మనది దానికంటే పెద్దది కాబట్టి, వెర్షన్ తగ్గించమంటారా అని ఆప్ట్ అడుగుతుంది, అవునని చెప్పాలి. అలా సిస్టం అంతా డెబియన్ ఇచ్చినట్టే ఉన్నప్పుడు అప్‌గ్రేడ్ చేసి, స్థిరపడ్డాక కొత్త సోర్సు దించి ప్యాచ్ వేసి చూడండి. "క్విల్ట్ పుష్" అతకలేదంటే ఆ చోట సోర్సు మారిందన్నమాట. బలవంతంగా రుద్దకుండా, పాత ప్యాచ్‌ను పక్కన తెరిచి పెట్టుకుని మార్పును మళ్లీ చేతితో రాయండి. ప్యాచ్ తలమీద ఎందుకు మార్చామో రాసుకున్న రెండు వాక్యాలు ఆ రోజే పనికొస్తాయి. పాత విడుదలలో కట్టిన .డెబ్‌లను /ఎస్ఆర్‌వీ/కార్డ్ నుంచి తీసి వేరే ఫోల్డరులో పడేసి, ప్యాకేజెస్ జాబితా కొత్తగా రాయించాకే గోదాం వరుస ముందున్న # తీయండి.